మాయింటి నాలుగు డిస్కులు

ఆవకాయ పాళ్లను గూర్చియు, పసిబిడ్డల కోరింతదగ్గును గూర్చియు మాటలాడుకొను మన పుటలలో నేను కంప్యూటరు సర్వరును గూర్చి వ్రాయబూనుట చూచి మీలో కొందఱు నవ్వుదురేమో. నేనును మొదట నవ్వితిని. కాని పోయిన మాఘమాసమున ఆ యంత్రము మూలముగా మాయింట మూడుదినములు ఒకరితో నొకరికి సరియైన మాటలు లేవు. నాలుగవనెల గర్భముతోనున్న కోడలు రెండుపూటలు అన్నము ముట్టలేదు. ఇంటిని ఇంతగా కలతపెట్టిన వస్తువు గృహకృత్యములలోనిది కాక మఱేమగును?

మాది మార్కాపురము. నా పుట్టినింటివారు పలకలవారు. గనినుండి తెచ్చిన రాతిని పొరలుపొరలుగా చీల్చి, కోసి, నునుపుచేసి, కొయ్యచట్రములు బిగించి దూరదేశములకు బడిపలకలు పంపిన ఊరిది. మీలో ఎందఱో ఓనమాలు దిద్దినది మా ఊరి రాతిమీదనే కావచ్చును. ప్లాస్టిక్ పలకలును నోటుపుస్తకములును వచ్చిన పిదప ఆ పని సన్నగిల్లినది. మెట్టినింటివారిది ఫోటోస్టూడియో. మామగారు ఎఱ్ఱదీపము పెట్టుకొని ఫోటోలు కడిగిన వెనుకగదిలోనే నేడీ సర్వరున్నది. అబ్బాయి పెండ్లిండ్లకు పోయి ఫోటోలును వీడియోలును తీయును. కంభము, తర్లుపాడు, గిద్దలూరు, ఎఱ్ఱగొండపాలెము, ముహూర్తమెక్కడనున్న అక్కడ మావాడుండును. కోడలిది గిద్దలూరు. ఇంజనీరింగు చదివిన పిల్ల. ఆల్బములు కూర్చుట ఆమె పని. తోడుగా ఇద్దఱు ఆడపిల్లలు వత్తురు.

సర్వరనగా భయపడ నక్కఱలేదు. అది ఉమ్మడికుటుంబమునందలి కొట్టుగది వంటిది. ఎవరి కంప్యూటరు ముందు వారు కూర్చుండి, కావలసినది అందులోనుండి తీసికొందురు, పనియైన పిమ్మట తిరిగి అందులోనే పెట్టుదురు. మాదానిలో నాలుగు హార్డుడిస్కులున్నవి. ఒక్కొక్కటి నాలుగు టెరాబైట్లది. ఇన్ని యున్నను మాఘమాసము వచ్చుసరికి ఆల్బములో ఒక్క పుట తెఱచుటకు రెండేసి నిమిషములు పట్టసాగెను. ముగ్గురాడపిల్లలును తెఱమీద తిరుగు చక్రమును చూచుచు గడ్డమునకు చేయి ఆనించి కూర్చుండెడివారు. ఆరు పెండ్లిండ్ల పని మీదబడియున్నది. అందొక పెండ్లికూతురు వారములో అమెరికా ప్రయాణము. ఆమె తల్లి దినమునకు రెండుమార్లు మా గడప తొక్కుచున్నది.

అబ్బాయికి స్నేహితుడెవరో ఉపాయము చెప్పెనట. నాలుగు డిస్కులను కలిపి ఒక్కటిగా కట్టవలెను. ప్రతి ఫోటోను ముక్కలుచేసి నాలుగింటిమీదను పంచి వ్రాయవలెను. అపుడు నాలుగును ఒక్కమారు పనిచేయును గనుక వేగము దాదాపు నాలుగురెట్లగును. కోడలు వలదనెను. ఏల వలదో చెప్పబోవగా వాడు గొంతు పెంచెను. ఆమె మెల్లగా, “అంత గట్టిగా అరవకండి. డిస్కులు ఇంకా నెమ్మదిస్తాయి” అనెను. వాడు అది వెక్కిరింత యనుకొని మఱింత మండిపడెను. నేను వాడి పక్షమే వహించితిని. బయట తిరిగి నాలుగు డబ్బులు తెచ్చువాడు వాడు, వానికి తెలియదా యంటిని. ఆమె మఱి మాటలాడక లోనికి పోయెను.

ఆమె చెప్పినది వెక్కిరింత కాదని నాకు తరువాత తెలిసినది. 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీలో పనిచేయుచుండిన బ్రెండన్ గ్రెగ్ అను నతడు డిస్కుల బీరువా యెదుట నిలిచి బిగ్గరగా అఱచి, ఆ అఱపుల అదురునకు డిస్కులు తడబడి ఆలస్యము చేయుటను కొలిచి వీడియోలో చూపెను. ఇంటిలోని పెద్దగొంతులకు వస్తువులు కూడ జడియునని మనకు తెలిసినదే గదా!

ఆ రాత్రి అందఱును పడుకొన్న తరువాత కోడలు వంటయింటిలోనికి వచ్చి నాయెదుట కూర్చుండెను. “అత్తయ్యా, కంభం అమ్మాయి సంగతి నాకు చెప్పింది మీరే కదా” అనెను. అంతమాత్రమే.

ఆ సంగతి మీకు చెప్పవలెను. అది 2014వ సంవత్సరము. కోడలు అప్పటికి మాయింటికి రాలేదు. కంభము దగ్గఱి పల్లెలో ఒక పెండ్లి తీసితిమి. ఆల్బము ఇచ్చితిమి, వీడియో ఇంకను కూర్చలేదు. అది ఒక్క డిస్కుమీదనే యుండెను. ఒకనాటి ఉదయమున ఆ డిస్కు టకటకమని చప్పుడుచేసి ఊరకుండెను. హైదరాబాదు పంపించితిమి, లాభము లేకపోయెను. మూడునెలలకు ఆ పెండ్లికూతురు తండ్రి గుండెపోటున పోయెను. పదునొకండవ దినము కాగానే ఆ పిల్ల మాయింటికి వచ్చి, కన్యాదానమునాటి వీడియో కావలెనని, నాన్న అల్లుని కాళ్లు కడుగుచు ఏదో చెప్పి నవ్వెనని, ఆ మాట తనకు సరిగా వినబడలేదని, అది వినవలెనని అడిగెను. అబ్బాయి ఆమె యెదుట నిలువలేక పెరటిలోనికి పోయెను. లేదని చెప్పినది నేను. ఆమె కోపపడియుండిన బాగుండెడిది. “పోనీలెండి పిన్నమ్మా” అని లేచి వెళ్లిపోయెను.

ఈ సంగతి యంతయు కోడలికి చెప్పినది నేను, మఱచిపోయినదియు నేనే. మఱునాడు వంట కోడలికే వదలక నేను చేయుచు, ఆమెను పీటవేసి కూర్చుండబెట్టి, “నాకు అర్థమగునట్లు మొదటినుండి చెప్పుము” అంటిని. ఆమె చెప్పిన దానిని నాకు తెలిసిన మాటలలో వ్రాయుచున్నాను.

హార్డుడిస్కు లోపల అద్దమువలె నున్నని పళ్లెములుండును. అవి మాదానిలో నిమిషమునకు 7200 చుట్లు తిరుగును. గ్రామఫోను ముల్లువంటి హెడ్డు ఒకటి పళ్లెమునకు తగులక, దానిమీద వెండ్రుకవాసి కన్నను ఎంతో తక్కువ యెడముగా తేలుచు, కావలసిన గీత మీదికి జరిగి, కావలసిన చోటు తిరిగి తనక్రిందికి వచ్చువఱకు వేచియుండి చదువును. జరుగుటకు సెకనులో వెయ్యవవంతులు ఎనిమిదో తొమ్మిదో పట్టును. సగటున అరచుట్టు వేచుటకు మఱి నాలుగు. వెరసి పదుమూడనుకొందము. అనగా సెకనుకు డెబ్బదియైదు, ఎనుబది తావులకు మించి పోలేదు. ఒకేచోట వరుసగా వ్రాసియున్నదానిని చదువునపుడు సెకనుకు 150 మెగాబైట్లకు పైగా ఇచ్చు డిస్కే, చిన్నచిన్న ముక్కలకొఱకు అటునిటు పరుగెత్తవలసివచ్చినపుడు ఒక్క మెగాబైటులో మూడవవంతైన ఇయ్యలేకపోవచ్చును.

ఇది వినగానే నాకు పంక్తి వడ్డన జ్ఞప్తికి వచ్చెను. వరుసగా వడ్డించుకొనిపోయిన ఒక్కమనిషి వందవిస్తళ్లకు అన్నము పెట్టగలదు. ఈ మూలనుండి నెయ్యి, ఆ మూలనుండి చారు, నడుమనుండి మంచినీళ్లని తలకొకరు కేకవేసిన ఆమెకు నడకయే గాని వడ్డన సాగదు. ముగ్గురు పిల్లలు మూడు పెండ్లిండ్ల ఫోటోలను ఒకే డిస్కునుండి అడుగుట అట్టిది.

“మఱి నాలుగు డిస్కులున్నవి గదా?” అంటిని. దానికామె కంప్యూటరులో చూపించెను. ఏ డిస్కు ఎంతసేపు పనిలోనున్నది, ఎన్ని కోరికలు దాని వాకిట కాచుకొనియున్నవి అని నిమిషనిమిషమునకు అంకెలు వచ్చును. చూడగా పని యంతయు మొదటి డిస్కుమీదనే. యంత్రమును నడుపు ప్రోగ్రాములు అందే, ఇప్పటి పెండ్లిండ్లన్నియు అందే, ఆల్బము కూర్చునపుడు పుట్టెడి తాత్కాలికపు ముక్కలన్నియు అందే. రెండవదానిలో ఎవరును తెఱువని పాతపెండ్లిండ్లు. నాలుగవది ఇంచుమించు ఖాళీ. ఒక కోడలిచేత చాకిరీ యంతయు చేయించి తక్కినవారిని మంచముమీద కూర్చుండబెట్టిన కాపురమిది. 1956లో ఐబీయమ్ వారు తెచ్చిన మొట్టమొదటి డిస్కుయంత్రము సంగతి ఆమె చెప్పినది. దానిలో రెండడుగుల వెడల్పు పళ్లెములు యాబది యుండెనట. చదువుటకు మాత్రము ఒక్కటే చేయి, నిచ్చెన యెక్కి దిగినట్లు ఆ యాబదింటి నడుమ తిరిగెడిదట. అంతయు కలిసి పట్టినది యాబదిలక్షల అక్షరములు. మా అబ్బాయి డెబ్బదియేండ్లనాటి ఆ ఏర్పాటునే ఇంటిలో మఱల నిలిపినాడన్నమాట.

మూడవ డిస్కుది వేఱొక తంటా. అది చవుకగా వచ్చినదని కొన్నది. కొన్ని డిస్కులలో ఎక్కువ పట్టించుటకై గీతలను పెంకుటింటి పైకప్పువలె ఒకదానిమీద నొకటి కొంచెము ఎక్కించి వ్రాయుదురట. చదువుటకు చిక్కులేదు. నడుమనున్న పెంకు మార్చవలెనన్న దానిమీదివరుస లన్నియు తీసి మఱల కప్పవలెను. దాచి యుంచుకొను వస్తువులకు అట్టి డిస్కు మంచిదే. దినమంతయు దిద్దుచుండెడి పనికి తగదు. పెట్టెమీద ఈ సంగతి వ్రాయక అమ్ముచున్నారని 2020లో కొనుగోలుదారులు పెద్ద గగ్గోలే చేసిరి.

ఇక నాలుగింటిని కట్టు విధములు. 1988లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమున ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను ముగ్గురు పండితులు, ఒక పెద్ద ఖరీదైన డిస్కునకు మాఱుగా చవుకడిస్కులు పెక్కింటిని జతచేసి పని చేయించుటను గూర్చి వ్రాసిన వ్యాసమున ‘రెయిడ్’ అను పేరు పెట్టిరి. అబ్బాయి చెప్పినది అందులో సున్న సంఖ్య విధము. వేగమునకు దానిని మించినది లేదు. కాని ప్రతి ఫోటో నాలుగు ముక్కలై నాలుగు చోట్లనుండును గనుక ఒక్క డిస్కు పోయిన అన్నియు పోయినట్లే. ఏటికి నూటికి మూడు డిస్కులు చెడుననుకొందము. నాలుగింటిని ఇట్లు కట్టినపుడు ఆ ఏడు సర్వస్వము పోవు భయము నూటికి పదునొకటి దాటును. ఆమె ఈ లెక్క చెప్పునపుడు నా చేతిలోని గరిటె ఆగిపోయెను.

అయిదవ విధము వినుటకు నాకు మిక్కిలి ముచ్చటగానుండెను. అది మన పద్దుపుస్తకమే. పాలకు 60, కూరలకు 45, నూనెకు 95, మొత్తము 200 రూపాయలని వ్రాసికొంటిమనుకొనుడు. నూనె పద్దు ఎలుక కొఱికినను నష్టములేదు. 200లో 60యు 45యు తీసివేసిన 95 తిరిగి వచ్చును. అట్లే మూడు డిస్కులంత వస్తువును, ఒక డిస్కంత మొత్తమును వంతులవారీగా నాలుగింటిమీదను వ్రాయుదురు. ఏదైన ఒకటి చెడినను తక్కిన మూటినుండి లెక్కగట్టి తెచ్చుకొనవచ్చును. చోటు తక్కువ పోవును. కాని పాలపద్దు 60 అయినది 70 చేయవలెనన్న పాత పాలపద్దు చూడవలెను, పాత మొత్తము చూడవలెను, కొత్తపద్దు వ్రాయవలెను, కొత్తమొత్తము 210 అని వ్రాయవలెను. ఒక్క మార్పునకు నాలుగు పనులు! ఎడతెగక చిన్నచిన్న దిద్దుబాట్లు చేయు మా పిల్లలకు అది భారమగునని ఆమె అభిప్రాయము. పాతపెండ్లిండ్ల బీరువాకైన అదే మేలట.

ఆమె కోరినది పదవ విధము. డిస్కులను రెండేసిగా జతకట్టి, జతలోని రెంటిమీదను ఒకే వస్తువు వ్రాయుట. ఆ జతలకు నడుమ ముక్కలు పంచుట. చదువునపుడు నాలుగును పనిచేయగలవు. వ్రాయునపుడు ఒకదానికి రెండు పనులే. ఏ ఒక్కటి పోయినను దాని జతగత్తె యుండును. పదునాఱు టెరాబైట్లలో ఎనిమిదే మిగులును. అబ్బాయికి కంటగింపైనది ఈ సగము నష్టమే.

మా యొద్ద తొమ్మిదికి పైగా నిండియుండెను. చాలదు. పాతవాటిని వేఱుచోటికి మార్చుటకు పెద్దడిస్కులు రెండు, పెంకుడిస్కునకు మాఱు ఒకటి, అక్కఱకొఱకు అదనముగా ఒకటి, తాత్కాలికపు ముక్కలకై తిరుగుడు పళ్లెములు లేని చిన్న యస్.యస్.డి. ఒకటి కావలసెను. అన్నియు యస్.యస్.డి.లే ఏల కొనరాదని నేనడిగితిని. ఇంత చోటునకు ఆ ధర మనము తాళలేమని చెప్పెను. డబ్బు సంగతి వచ్చుసరికి నా చీటీపాట సొమ్ము బయటపెట్టితిని. భోజనమువేళ అబ్బాయితో, “కంభము పిల్లకు ఈసారి సమాధానము నేను చెప్పను. నీవే చెప్పవలెను” అంటిని. వాడు కంచములో చూచుచు చాలసేపు కలుపుచుండి, “కానియ్యండి” అనెను. మాటలు కలియుటకు మఱి రెండుదినములు పట్టినది. అది వేఱుకథ.

డిస్కులను కొత్తగా కట్టునపుడు వాటిమీది దంతయు తుడిచిపెట్టుకొని పోవును. పలక తుడిచినట్లే, తుడిచిన పిమ్మట ఏమి వ్రాసియుండెనో పలకకు తెలియదు. కావున ముందుగా అన్నిటికిని రెండేసి నకళ్లు తీసి, కొన్ని పెండ్లిండ్లు తెఱచి చూచి, పిమ్మటనే కట్టిరి. నకళ్లకే రెండు రాత్రులు పట్టెను. సర్వరును అదురుడు కూలరు ఆనియున్న రేకుబల్ల మీదినుండి తీసి, నా పుట్టినింటినుండి తెచ్చిన మందపు రాతిబండమీద నుంచితిమి. ఈ బండ వలన ఎంత మేలు కలిగినదో కోడలు చెప్పలేదు, నేనడుగనులేదు. కరెంటు పోయినపుడు సగము వ్రాసినది చెడకుండ యూపీయస్ కు కొత్త బ్యాటరీ వేయించితిమి.

రెండు నిమిషములు పట్టిన పుట పది సెకండ్లలో తెఱచుకొనసాగెను. అయినను అమెరికా పిల్ల ఆల్బము ప్రయాణమునకు అందలేదు. రెండుదినములు ఆలస్యమై, తరువాత వెళ్లిన బంధువులచేత పంపవలసివచ్చెను. ఆమె తల్లి నేటికిని బజారులో నన్ను చూచి మొగము త్రిప్పుకొనును.

జత డిస్కులున్నవి గదా యని వేఱు నకలు మానరాదని కోడలి పట్టు. పొరపాటున ఒక పెండ్లిని చెఱిపిన అది జతలోను అదే నిమిషమున చెఱిగిపోవును. పిడుగు పడినను, దొంగ యెత్తుకొనిపోయినను రెండును పోవును. కాటూరులో పుట్టి 1994లో ట్యూరింగ్ పురస్కారము నందిన రాజ్ రెడ్డిగారి పూనికతో నడచిన పుస్తకముల పథకమున తెలుగు గ్రంథములు, పాతపత్రికలు వేలకొలది బొమ్మకట్టి యుంచిరి. దాని భారతీయశాఖ గూడు మూతపడినపుడు, ఇంటర్నెట్ ఆర్కైవులో అంతకుముందే ప్రతులు చేర్చియుండుటచేతనే వాటిలో చాలభాగము నేటికిని దొరకుచున్నది. 1928లో మదరాసున కేసరిగారు స్థాపించిన ‘గృహలక్ష్మి’ పాతసంచికలను నేను ఆర్కైవులోనే చదివితిని. కావున నెలకొకమాఱు మా పెండ్లిండ్ల నకలు రైలెక్కి గిద్దలూరు వియ్యాలవారింటి బీరువాకు పోవుచున్నది. వియ్యపురాలు దానిని పట్టుచీరెల నడుమ పెట్టినదని విని కోడలు నవ్వెను.

జ్యేష్ఠమాసమున కోడలు పురిటికి గిద్దలూరు వెళ్లినది. అబ్బాయి దోర్నాల వైపు పెండ్లిలో నుండెను. పని పిల్లలు ఇద్దఱును భోజనమునకు పోయిరి. ఎండకు రాళ్లు పగులుచున్న ఆ మధ్యాహ్నమున వెనుకగదినుండి కీచుమను ధ్వని విడువక వినవచ్చెను. పోయి చూడగా ఒక డిస్కుముందు ఎఱ్ఱదీపము. నాకు కాళ్లు వణకినవి. ఫోను చేసితిని.

“అత్తయ్యా, భయం లేదు. ఆల్బములు తెరుచుకుంటున్నాయా, అది చూడండి” అనెను. తెఱచితిని, వచ్చుచున్నది. “అయితే దాని జత పనిచేస్తోంది. దీపం ఎన్నో దానిది? చీటీమీద అంకె చదవండి.” ప్రతి డిస్కు ట్రేకును ఆమె ముందుగానే అంకెల చీటీ అంటించియుండెను. చదివితిని. మఱల చదువుమనెను. తప్పుడుది లాగిన దానితోకూడ జత పోవునని ఆమె చెప్పలేదు గాని నాకు తెలియును. మూడవమాఱు చదివి, పిడి నొక్కి, ట్రే బయటికి లాగితిని. వేడిగానున్నది. బీరువాలో గుడ్డచుట్టి పెట్టిన అదనపు డిస్కు తెచ్చి, ఆమె చెప్పినట్లు నాలుగు మరలు బిగించి లోనికి త్రోసితిని. టక్కుమని కూర్చున్నది. చిన్నపుడు నాన్న ప్రక్కన కూర్చుండి పలకకు చట్రము బిగించినపుడు వచ్చిన చప్పుడే.

జతనుండి చూచి వ్రాసికొనుటకు రాత్రి వఱకు పట్టునని, అంతదాక ఎవరిచేతను పెద్దపని చేయింపవలదని చెప్పి ఆమె ఫోను పెట్టెను. నేను పెండ్లి శుభలేఖల కట్ట ఒకటి ముందుంచుకొని ఆ గదిలోనే కూర్చుంటిని. అబ్బాయి పదకొండు గంటలకు వచ్చెను. దీపము ఇంకను మిణుకుమిణుకు మనుచుండెను. ఏమైనదని అడిగెను. చెప్పితిని. వాడు చెప్పులు విడిచి, నా ప్రక్కన నేలమీద గోడకానుకొని కూర్చుండెను. పచ్చదీపము నిలుకడగా వెలుగుసరికి పండ్రెండు దాటినది.